పసుపు తాళం

జనవరి 12

ఈ నోటుబుక్కు బడి కౌన్సెలర్ ఇచ్చింది. "మనసులో ఉన్నదంతా రాసుకో, ఎవరికీ చూపించక్కర్లేదు, తేలికపడతావు" అంది. తేలికపడాలని నేనెప్పుడు అడిగాను? నా కోపం అరిగిపోకుండా చూసుకోవడానికి రాస్తాను. ఆవిడకి ఆ మాట చెప్పలేదు.

నా నేస్తం బ్రిన్ పోయి ఎనభై ఏడు రోజులు.

ఈరోజు వాళ్ళమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. బ్యాండ్ గదిలో మా ఇద్దరికీ కలిపి ఒక అరమర ఉంది. అందులో బ్రిన్ క్లారినెట్ ఉండిపోయింది. అది కావాలట. తాళంచెవి నా దగ్గరే ఉంది. రేపు తీసి ఇస్తానన్నాను.

జనవరి 13

తీయలేదు. నడవాకి కొత్తగా రంగు వేశారు, ఆ వాసనకి తలనొప్పి వచ్చింది.

జనవరి 15

మా తరగతి యదీరా పెరాల్టా వాళ్ళింట్లో కలిశాం, తొమ్మిది మందిమి. వాళ్ళమ్మ పచ్చి అరటికాయలు వేయించి పళ్ళెం నిండా పెట్టింది. దుఃఖం సంగతి ఎలా ఉన్నా పళ్ళెం మాత్రం ఐదు నిమిషాల్లో ఖాళీ.

మేము అడిగేది పెద్ద సంగతేం కాదు. ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం వేసి ఉంచాలి. అంతే బిల్లు. తుపాకీ ఎవరి దగ్గర నుంచీ లాక్కోరు. జింకల వేట మొదలయ్యే రోజున మా బడికి సెలవిస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టినదాన్ని, తుపాకీ అంటే ఏమిటో నాకొకరు నేర్పనక్కర్లేదు. పన్నెండేళ్ళకే నాన్న వెంట అడవికి వెళ్ళాను. అక్టోబరు పదిహేడున వాడు (వాడి పేరు ఈ పుస్తకంలో రాయను) తాతగారి మంచం పక్క సొరుగులోంచి పిస్తోలు తీసుకుని బడికి వచ్చాడు. ఆ సొరుగుకు తాళం లేదు. పిస్తోలుకూ లేదు.

రాజధాని హారిస్‌బర్గ్‌లో శాసనసభ కమిటీ ఛైర్మన్ ఏడాదిగా ఆ బిల్లు మీద కూర్చున్నాడు.

"గుడ్ల మీద కోడిలా కూచున్నాడే. కోడైతే పిల్లల్నన్నా పొదుగుతుంది" అంది యదీరా.

ఇరవై ఎనిమిదిన అందరం తరగతుల్లోంచి లేచి బయటికి నడవాలని తీర్మానం. పదకొండు నిమిషాలు నిలబడాలి. ఆరోజు ఆంబులెన్సు రావడానికి పట్టిన సమయం అది.

జనవరి 20

తీయలేదు.

జనవరి 28

నడిచాం!

బయటికెళ్ళినవాళ్ళని జూన్‌లో పట్టాల వేదిక ఎక్కనివ్వనని ప్రిన్సిపాల్ పొద్దున్నే మైకులో చెప్పాడు. చెప్పకపోయుంటే అరవైమందే వచ్చేవాళ్ళం. ఆయన పుణ్యమా అని నూట నలభై మంది లేచారు. మోకాలి లోతు మంచులో, ఫుట్‌బాల్ మైదానం మధ్యలో నిలబడ్డాం. రోడ్డవతల నాలుగు ట్రక్కులు ఆపుకుని కొందరు పెద్దమనుషులు హారన్లు కొడుతూనే ఉన్నారు.

ఒకాయన కిటికీ దించి అరిచాడు. "లోపలికి పోయి లెక్కలు చేసుకోండ్రా!"

"అదే చేస్తున్నాం పెద్దాయనా! పదకొండు దాకా లెక్కెడుతున్నాం, మీరూ రండి, నేర్పిస్తాం!" అని యదీరా అరిచింది.

నవ్వాను. అక్టోబరు తర్వాత గట్టిగా నవ్వడం ఇదే. ఆ వెంటనే ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు, రాస్తున్నాను.

ఫిబ్రవరి 1

సాయంత్రం నాన్న వంటగది బల్ల మీద లాటరీ చీటీల పుస్తకాలు పేర్చుకుని కూర్చున్నాడు. మార్చిలో మా ఊరి ఫైర్ కంపెనీ తుపాకుల లాటరీ, చీటీ తగిలినవాళ్ళకి తుపాకీ. నాన్న ఆ కంపెనీకి చీఫ్. ఊళ్ళో ఇల్లు తగలబడినా, ఎవరికి గుండెనొప్పి వచ్చినా పరిగెత్తేది వీళ్ళే, అందరూ జీతం లేని మనుషులే. బండ్లూ గొట్టాలూ ఆంబులెన్సూ అన్నీ ఆ లాటరీ మీద వచ్చినవే.

బ్రిన్‌ని ఎక్కించుకుని పోయింది కూడా ఆ ఆంబులెన్సే. నాన్న వెనకాల కూర్చుని ఆసుపత్రి దాకా దాని గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది.

"ఈసారి నువ్వు రానక్కర్లేదు కోరీ" అన్నాడు తల ఎత్తకుండా.

"ఎందుకని? ఆరేళ్ళప్పట్నించీ పీపాలో చెయ్యిపెట్టి చీటీ తీసేది నేనేగా."

"ఈసారి బుచ్ తీస్తాడ్లే."

"ఏం, నా చెయ్యి అచ్చిరాలేదా?"

నాన్న చీటీలకు రబ్బరు బ్యాండు వేశాడు. అది తెగింది. ఇంకోటి వేశాడు.

ఫిబ్రవరి 9

తీశాను. క్లారినెట్, ఒక చేతి తొడుగు, సగం తిన్న చాక్లెట్టు. వాళ్ళమ్మకి ఇచ్చి వచ్చాను. ఆవిడ పెట్టె తెరవలేదు, ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి నిమిరింది. కుడి చెయ్యి. లాక్కోవాలనిపించింది.

తాళం నా సంచిలో వేసుకున్నాను.

ఫిబ్రవరి 12

ప్లకార్డులు రాస్తుంటే రంగు పెన్ను కోసం యదీరా నా సంచి తడిమింది. తాళం చేతికి తగిలింది. పసుపుపచ్చ తొడుగున్న ఉక్కు తీగ, కొసన చిన్న తాళం.

"ఇదేం తాళమే? దీని మీద తుపాకీ బొమ్మ ఉంది!"

"ఎక్కడో దొరికిందిలే."

అబద్ధం. అందరికీ చెప్పినట్టే ఈ పుస్తకానికి కూడా నెల రోజులుగా అబద్ధం చెబుతున్నాను. ఇక్కడైనా నిజం రాయాలి.

పోయిన మార్చి. ఫైర్ హాల్లో లాటరీ. పదకొండో తుపాకీ ఒక పిస్తోలు. పీపా తిప్పారు, నేను చెయ్యి పెట్టాను. 218. మా వీధి చివరి లియో తాత ఎగిరి గంతేశాడు. ఆయన మనవడు వాడు. కాగితాలన్నీ పక్కాగా చూసి, సంతకాలయ్యాకే పిస్తోలు ఇచ్చారు. అందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి తుపాకీ పెట్టెలోనూ ఒక తాళం ఉంటుంది. ఆ తీగను తుపాకీలోంచి దూర్చి వేస్తే ఇక అది పేలదు. మా ఊళ్ళో ఆ తాళాన్ని ఎవరూ వాడరు. "దొంగొస్తే ఆగరా బాబూ, తాళంచెవి వెతుక్కోనీ అనాలా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు, హాలంతా నవ్వుతుంది.

లియో తాత కూడా అదే అని, ఆ తాళం నా వైపు విసిరాడు. "ఇందా పిల్లా, అదృష్టం తెచ్చినందుకు నీకు బహుమానం. నీ బాకా దాచుకో!"

పట్టుకున్నాను. నవ్వాను. మర్నాడు బడిలో నా బాకా, బ్రిన్ క్లారినెట్ ఉండే అరమరకి వేశాను. బాగుందే అంది బ్రిన్.

ఆ తాళం ఉండాల్సిన చోట ఉండి ఉంటే బ్రిన్ ఇప్పుడు నా పక్కన కూర్చుని ఈ ప్లకార్డు మీద అక్షరదోషాలు దిద్దుతూ ఉండేది.

ఫిబ్రవరి 16

లియో తాత ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. అరవడానికేనేమో. ఇంటి ముందు మంచు ఎవరూ ఎత్తలేదు. వీధిలో ఎవరూ ఆయన గుమ్మందాకా వెళ్ళడం లేదు. మా నాన్న తప్ప, ఆయన వారానికోసారి పాలూ రొట్టే గుమ్మంలో పెట్టి వస్తాడట.

లియో తాత తలుపు తీసి, నన్ను చూడగానే అడిగాడు.

"అది నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"నాకు తిరిగిస్తావా తల్లీ?"

"దేనికి తాతా? ఇప్పుడు దేనికి వేస్తావు?"

తలుపు రెక్క పట్టుకున్నాడు. "పోలీసులకి అన్నీ చెప్పానే. ఆ ఒక్కటీ చెప్పలేదు. నోరు రాలేదు."

"ఇవ్వను" అన్నాను.

అరుద్దామని వెళ్ళినదాన్ని, వచ్చేటప్పుడు ఆయన మెట్ల మీద మంచు ఎత్తి వచ్చాను. క్షమించానని కాదు. జారిపడతాడని.

ఫిబ్రవరి 20

కమిటీ మాకు సమయం ఇచ్చింది! ఇరవై నాలుగున. మనిషికి రెండు నిమిషాలు. మాట్లాడేది యదీరా, నేను.

నాన్నకి అంతా చెప్పాను. తాళం బల్ల మీద పెట్టాను. నాన్న దాన్ని ముట్టుకోలేదు.

"బ్రిన్ గురించి చెప్పు. సొరుగు గురించి చెప్పు. లాటరీ మాట మాత్రం ఎత్తకు" అన్నాడు.

"ఎందుకు ఎత్తకూడదు?"

"ఎత్తితే పేపర్ల వాళ్ళు వచ్చి హాలు మీద పడతారు. లాటరీ పోద్ది. లాటరీ పోతే ఆంబులెన్సు పోద్ది. ఈసారి పదకొండు నిమిషాలు కాదు, నలభై పడుతుంది, పక్క ఊరి నుంచి రావాలి. ఎవరింట్లో పిల్ల ఆగుద్ది అప్పటిదాకా?"

"అంటే నోరు మూసుకోమంటావు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే కోరీ."

"పడనీ నాన్నా. ఎవరి కాళ్ళ మీద పడాలో వాళ్ళ కాళ్ళ మీదే పడుతుంది."

కుర్చీ తోసి లేచి వచ్చేశాను. పైకొచ్చి తలుపు వేశాక, ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని తట్టింది. దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

ఫిబ్రవరి 24

హారిస్‌బర్గ్. గుమ్మం దగ్గర కాపలాయన నా సంచి యంత్రంలోంచి పంపి, మళ్ళీ వెనక్కి పంపి, తాళం బయటికి తీశాడు.

"ఇదేంటమ్మా?"

"తాళం."

"దేనికి?"

"తుపాకీకి."

ఆయన ముఖం మారింది. "తుపాకీ ఏది?"

"పోలీసుల దగ్గరుంది."

నా చొక్కా మీద గుచ్చుకున్న బ్రిన్ ఫోటో చూశాడు. రెండు చేతులతో తాళాన్ని సంచిలో పెట్టి ఇచ్చాడు.

లోపలికి వెళ్ళేముందు ఒక ఫారం నింపాలి. పేరు, ఊరు, 'ఈ విషయంతో మీకున్న సంబంధం'. విద్యార్థిని అని రాశాను. యదీరా ముందు మాట్లాడింది. నిప్పులు కురిపించింది. తర్వాత నేను. బ్రిన్ గురించి చెప్పాను, సొరుగు గురించి చెప్పాను.

ఛైర్మన్ కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "మీ బాధ మాకు అర్థమైంది. కానీ ఒక్క మాట. ఆ ఆయుధం అసలు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా?"

సంచి నా ఒళ్ళో ఉంది. లోపల చెయ్యి పెట్టి తాళాన్ని పట్టుకునే ఉన్నాను.

"వాళ్ళ తాతగారింట్లోంచి" అన్నాను.

"అదే నేనూ అనేది. ఒక పెద్దాయన, తన పడకగది, తన సొరుగు. చట్టం అక్కడిదాకా ఎలా వెళుతుందమ్మా? అది ఆ ఒక్క ఇంటి దురదృష్టం" అని కాగితం తిరగేశాడు. ఓటింగు లేదు. వాయిదా.

ఫిబ్రవరి 25

నేను అబద్ధం చెప్పలేదు. తాతగారింట్లోంచే వచ్చింది.

ఫిబ్రవరి 26

అబద్ధం చెప్పలేదు. రెండు నిమిషాలే ఇచ్చారు.

మార్చి 1

సరే. చెప్పాను.

ఒక్క ఇంటి దురదృష్టమట! తిలాపాపం తలా పిడికెడు. ఆరోజు హాల్లో నవ్విన ప్రతివాళ్ళకీ అందులో వాటా ఉంది, నాకు రెండు పిడికిళ్ళు. అది ఆయనతో చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు వీరనారి వేషం వేసి వచ్చాను. నోరు తెరవాల్సిన చోటు వేరే ఉంది.

మార్చి 8

యదీరాకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా మొద్దూ?" అంది. అని, తిట్టింది కూడా.

మార్చి 15, ఆదివారం

వేళ్ళు చీరుకుపోయాయి. పెన్ను సరిగ్గా నిలవడం లేదు. అయినా ఈరోజే రాయాలి.

రావద్దన్న చోటికి వెళ్ళాను. చర్చి అవగానే, ఒంటిగంటకల్లా హాలు నిండిపోయింది. బల్లల మీద క్యాబేజీ చుట్టలు, పంది మాంసం, బీరు జగ్గులు. గోడవారన ముప్పై తుపాకులు, ఒక్కోదాని పెట్టెలో ఒక్కో పసుపు తాళం. మైకు బుచ్ యూరిక్ చేతిలో ఉంది. జోకులు పోయినేటివే. యదీరా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఆ హాల్లో దానికి నేను తప్ప తెలిసినవాళ్ళు లేరు. అయినా వచ్చింది.

"అదిగో వచ్చింది మన అదృష్టలక్ష్మి! రా తల్లీ, నువ్వు రాకపోతే పీపాకి బెంగెట్టుకుంది" అని బుచ్ నన్ను పైకి పిలిచాడు. వంటగది గుమ్మంలో పళ్ళెంతో నిలబడ్డ నాన్న ఉన్నచోటే ఆగిపోయాడు.

పీపా తిరిగింది. చెయ్యి పెట్టాను. ఖాళీ చెయ్యి బయటికి తీసి మైకు అందుకున్నాను.

"పోయినేడు పదకొండో తుపాకీ. నంబరు 218. తీసింది ఈ చెయ్యే. మీరంతా చప్పట్లు కొట్టారు. అక్టోబరులో మా బడికొచ్చింది ఆ పిస్తోలే."

చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.

తాళం బల్ల మీద పెట్టాను. "దాని పెట్టెలో వచ్చిన తాళం ఇది. లియో తాత నాకు విసిరాడు. బ్రిన్ క్లారినెట్ ఉన్న అరమరకి వేశాను. క్లారినెట్ భద్రంగా ఉంది."

వెనకాల్నించి ఎవరో స్త్రీ ఏడ్చింది. ముందు బల్ల దగ్గర ఫ్రాంక్ డోలన్ లేచాడు.

"మైకు లాక్కోవోయ్ బుచ్! దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరుగుతోంది!"

"అవును, ఇప్పుడే మొరుగుతున్నా! మొరగాల్సిన రోజున నేనూ నవ్వాను. నువ్వూ నవ్వావు ఫ్రాంక్ బాబాయ్, అందరికంటే గట్టిగా!"

"ఇది పిల్లలు మాట్లాడే సంగతి కాదు!"

"చచ్చేది మేము, మాట్లాడేది మీరా?" తాళం ఎత్తి పట్టుకున్నాను. "చీటీలు తీస్తాను. ముప్పై తీస్తాను. కానీ గెలిచిన ప్రతి తుపాకీకీ ఇక్కడే, ఈ బల్ల మీదే తాళం వేస్తాను. వద్దన్నవాళ్ళ కోసం ఈ చెయ్యి పీపాలోకి వెళ్ళదు. అంతే!"

ఇక గోల. ఒకరు కూర్చోమంటారు, ఒకరు చెప్పనివ్వమంటారు. బుచ్ నా చేతిలోంచి మెల్లిగా మైకు తీసుకోబోయాడు. అంతలో నాన్న వచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆ మైకు తాను తీసుకున్నాడు. నన్ను దిగమంటాడనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను.

చొక్కా జేబులోంచి ఒక చీటీ తీశాడు. మడతలు పడి నలిగిపోయి ఉంది.

"ఇది ఈ ఏటి 218" అన్నాడు. "ఎవరికీ అమ్మలేదు. జనవరి నుంచీ జేబులో పెట్టుకు తిరుగుతున్నా. చింపలేను, అమ్మలేను. మీలో ఎవరికన్నా కావాలా? ఫ్రాంక్, నీకు కావాలా?"

ఫ్రాంక్ డోలన్ నేల చూశాడు.

"నా చేతుల కింద పోయింది ఆ పిల్ల. మీకెవరికీ చెప్పలా. ఏం చెప్పను? పిస్తోలు మనదే, ఆంబులెన్సు మనదే" అని నాన్న ఆగిపోయాడు. ఆయన అలా మాట మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత మామూలుగా, మంట దగ్గర పనులు పురమాయించే గొంతుతో చెప్పాడు. "నా కూతురు చెప్పినట్టే. తాళం పడకుండా ఒక్క తుపాకీ కూడా ఈ గుమ్మం దాటదు. ఇష్టం లేనోళ్ళు చీటీ వెనక్కిచ్చి పోవచ్చు."

పోయారు, ఇరవై రెండు మంది. ఫ్రాంక్ డోలన్ కుర్చీని తన్ని మరీ పోయాడు. వచ్చే ఏడు లాటరీ ఉంటుందో లేదో, ఆంబులెన్సు ఏమవుతుందో నాకు తెలియదు. నాన్నకీ తెలియదు. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు.

ముప్పై చీటీలు తీశాను. ముప్పై తాళాలు వేశాను. యదీరా పక్కన నిలబడి ఒక్కోటి అందించింది. కొందరు నా మొహం చూడలేదు. ఒక ముసలాయన మాత్రం గట్టిగా లాగి చూసుకుని "పడిందా?" అని అడిగాడు. పడింది అన్నాను.

ఇంటికొచ్చేదారిలో నాన్న ట్రక్కు లియో తాత ఇంటి ముందు ఆపాడు. పాలూ రొట్టే ఇచ్చాడు, ఈసారి గుమ్మంలో పెట్టి రాలేదు, తలుపు కొట్టి లోపలికి వెళ్ళాడు. నేను ట్రక్కులోనే కూర్చున్నాను. అంత మంచిదాన్ని ఇంకా కాలేదు.

తిరిగి వచ్చాక అడిగాడు. "చెయ్యి నొప్పిగా ఉందా?"

"ఉంది."

"నాకూ" అన్నాడు.

మార్చి 17

ఏప్రిల్‌లో కమిటీ మళ్ళీ కూర్చుంటోంది. యదీరా ఫారాలు తెచ్చింది. ఛైర్మన్ ఇంకోసారి అదే ప్రశ్న అడగాలని దేవుడికి మొక్కుకుంటోంది.

పేరు: కొరిన్ డూబెక్. ఊరు రాశాను. మూడో గడి దగ్గర ఆగాను.

"ఏంటే అంతసేపు? విద్యార్థిని అని రాసి పారెయ్, మొన్న రాశావుగా" అంది యదీరా.

మొన్న రాసినది రాయలేదు.

ఈ విషయంతో మీకున్న సంబంధం: చీటీ తీసింది నేను. తాళం నా దగ్గర ఉంది.